కాలూ చెయ్యీ పడిపోతే దగ్గెందుకు? – నాడీ వ్యాధులలో గుండె, ఊపిరితిత్తుల పునరావాస చరిత్ర



ఒంగోలు నుంచి తూర్పుగా ప్రయాణిస్తే, సముద్రం అడ్డు వచ్చి రోడ్డు ఆగిపోయే చోట కొత్తపట్నం ఉంది. 1937లో కాంగ్రెసు సోషలిస్టులు ఇక్కడ వేసవి రాజకీయ పాఠశాల నడపబోతే ప్రభుత్వం నిషేధించిందని మా పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు. నేను చెప్పబోయేది మరొక రకం చరిత్ర. ఉద్యోగ విరమణ తరువాత అప్పుడప్పుడు అక్కడికి వెళ్ళి, తెలిసినవారి ఇంటి వసారాలో కూర్చుని నలుగురి రక్తపోటు చూసి రావడం నాకు అలవాటు. అలా వెళ్ళిన ఒకనాడు వేటకు పోయే కుటుంబం వారు నన్ను తమ ఇంటికి తీసుకువెళ్ళారు. ఇంటి పెద్దకు అరవై దాటలేదు. రెండు నెలల క్రితం కుడి పక్క పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. ఇంటికి తెచ్చిన నాటి నుంచి నులకమంచం దిగనివ్వలేదు. పావురం రక్తంతో మర్దన చేయించారు. కదిలితే నరం మళ్ళీ చిట్లుతుందని ఎవరో చెప్పారట. ఆయన గొంతులో గురగురమంటున్న కఫాన్ని పైకి తెచ్చుకోలేక ఆయాసపడుతున్నాడు.

ఆయన భార్య నన్ను ఒకే ప్రశ్న అడిగింది. "కాలూ చెయ్యీ పడిపోతే దగ్గెందుకు వస్తది డాక్టరు గారూ?"

వైద్యశాస్త్రం ఈ ప్రశ్నకు సరైన సమాధానం చెప్పడానికి దాదాపు నూరేళ్ళు తీసుకున్నది. నేను చదువుకున్న రోజుల్లో నాడీ వ్యాధుల పాఠం ఒక గదిలో, గుండె పాఠం మరొక గదిలో, ఊపిరితిత్తుల పాఠం ఇంకొక గదిలో జరిగేవి. రోగి మాత్రం ఒక్కడే. అతని మెదడులో దెబ్బ తగిలితే చేయి ఎలా బలహీనపడుతుందో, పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు, గొంతు కండరాలు కూడా అలాగే బలహీనపడతాయి. ఛాతీకి, పొట్టకు నడుమ గొడుగులా పరచుకున్న ఉదరవితానం ఆ పక్కన తక్కువగా కదులుతుంది. దగ్గు రావాలంటే ముందు లోతుగా గాలి పీల్చాలి, గొంతు మూయాలి, పొట్ట బిగించి ఒక్కసారిగా వదలాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా కఫం కిందనే నిలిచిపోతుంది. మింగే కండరాలు కూడా దెబ్బతింటే గంజి, నీళ్ళు, లాలాజలం శ్వాసనాళంలోకి జారతాయి. పక్షవాతం వచ్చినవారిలో చాలామందిని ఆ తరువాతి వారాలలో తీసుకుపోయేది ఈ న్యుమోనియాయే.

ఇక గుండె సంగతి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ళ ఆరోగ్యవంతులైన యువకులు ఐదుగురిని మూడు వారాలపాటు పూర్తిగా మంచం మీదే ఉంచి పరీక్షించారు. శ్రమలో వారి శరీరం వాడుకోగల ప్రాణవాయువు పరిమాణం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తరువాత, 1996లో, అదే ఐదుగురిని వెతికి పట్టుకుని మళ్ళీ పరీక్షించారు. యాభై ఏళ్ళు వచ్చిన ఆ మనుషులలో ఒక్కరి శక్తి కూడా, నాడు మూడు వారాల విశ్రాంతి తరువాత దిగజారినంతగా దిగజారలేదు! ముప్పై ఏళ్ళ వయోభారం కంటే మూడు వారాల మంచమే ఎక్కువ నష్టం చేసిందన్నమాట. వారు ఏ జబ్బూ లేని పడుచువారు. ఒక పక్క చచ్చుబడిన అరవై ఏళ్ళ మనిషికి ఆ మంచం ఏమి చేస్తుందో మీరే ఊహించుకోండి. పక్షవాతం నుంచి తేరుకున్నవారి శ్రమశక్తి వారి ఈడు ఆరోగ్యవంతులతో పోలిస్తే సుమారు సగం మాత్రమే ఉంటుందని తరువాతి పరిశోధనలు చూపాయి. పైగా ఈడ్చుకుంటూ నడిచే నడకకు మామూలు నడక కంటే ఎక్కువ ప్రాణవాయువు ఖర్చవుతుంది. రాబడి సగమై, ఖర్చు పెరిగిన సంసారం అది.

అయినా విశ్రాంతి మీద మన నమ్మకం చాలా గట్టిది. గుండెపోటు రోగిని ఆరు వారాలు కదలనివ్వకూడదని ఒకప్పుడు వైద్యులే చెప్పేవారు. 1947లో రిచర్డ్ ఆషర్ అనే ఆంగ్ల వైద్యుడు మంచం వల్ల కలిగే అనర్థాల మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. 1952లో అమెరికాలో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ గుండెపోటు రోగులను మంచం మీద నుంచి లేపి పడక కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు తోటి వైద్యులు కంగారుపడ్డారు. ఆ మార్పు మా వరకు రావడానికి చాలాకాలం పట్టింది. దాచకుండా చెప్పాలంటే, ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక పక్షవాత రోగి కొడుకులకు నేనే చెప్పాను, నలభై రోజులు లేపవద్దని. వారు నా మాటను అక్షరాలా పాటించారు. ఐదో వారంలో ఆయన జ్వరంతో, ఆయాసంతో పోయాడు. కొడుకులు నాకు దండం పెట్టి, మీరు చెప్పినవన్నీ చేశాం బాబూ అన్నారు. ఆ దండం నాకు ఇప్పటికీ బరువుగానే ఉన్నది.

నాడీ వ్యాధిలో ఊపిరిని కాపాడే విద్య అసలు పోలియో నుంచి పుట్టింది. 1928లో అమెరికాలోని బోస్టన్‌లో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా అనే ఇద్దరు ఒక పెద్ద లోహపు పెట్టె తయారు చేశారు. రోగి తల బయట, ఒళ్ళంతా లోపల. పెట్టెలో గాలిని లాగితే ఛాతీ విప్పారి, ముక్కు ద్వారా గాలి లోపలికి వెళ్ళేది. దానికి ఐరన్ లంగ్ అని పేరు వచ్చింది. ఆ యేడు అక్టోబరులో ఎనిమిదేళ్ళ బాలికను అందులో పెడితే, స్పృహ తప్పబోతున్న పిల్ల కొద్ది నిమిషాలలో తేరుకున్నది. తరువాత ఇంగ్లండులో మోరిస్ కార్ల యజమాని లార్డ్ నఫీల్డ్ చెక్కతో చేసిన ఇలాంటి పెట్టెలను తన కార్ఖానాలో తయారు చేయించి, బ్రిటిషు సామ్రాజ్యంలోని ఆసుపత్రులకు ఉచితంగా పంచాడు.

1952 వేసవిలో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌ను పోలియో ముంచెత్తింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రి అధిపతి లాసెన్ దగ్గర ఉన్నవి ఒక్క ఐరన్ లంగ్, ఛాతీకి తొడిగే ఆరు చిన్న యంత్రాలు. ఊపిరి, గొంతు కండరాలు పడిపోయిన మొదటి 31 మంది రోగులలో 27 మంది చనిపోయారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడిని సంప్రదించారు. చనిపోయినవారి రక్తంలో పేరుకుపోయినది బొగ్గుపులుసు వాయువు అనీ, అసలు లోపం గాలి తగినంత లోపలికి, బయటికి ఆడకపోవడమేననీ ఆయన పోల్చుకున్నాడు. ఆగస్టు 27న, చావు అంచున ఉన్న పన్నెండేళ్ళ వివి అనే బాలిక గొంతు కింద రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి అందించాడు. ఆ పిల్ల బ్రతికింది.

కాని నొక్కే చేతులు కావాలి కదా! ఒకే సమయంలో డెబ్బై మంది వరకు రోగులకు రాత్రింబవళ్ళు ఊపిరి పోయాలి. సుమారు 1,500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు వంతుల వారీగా వచ్చి, పిల్లల మంచాల పక్కన కూర్చుని, గంటల తరబడి ఆ సంచులను నొక్కారు. నూటికి 87 ఉన్న మరణాలు క్రమంగా నూటికి 25 దగ్గరకు దిగాయి. నేటి ఇంటెన్సివ్ కేర్ విభాగాలకు పుట్టిల్లు ఆ వార్డే. 1956లో అదే దేశంలో హెన్నింగ్ రూబెన్, హోల్గర్ హెస్సె కలిసి, నొక్కి వదిలితే తనంతట తాను ఉబ్బే సంచిని తయారు చేశారు. మన ఆసుపత్రులలో ఆంబు బ్యాగ్ అనే పేరుతో అందరికీ తెలిసినది అదే.

ఊపిరి నిలిపిన తరువాత మనిషిని మళ్ళీ జీవితంలోకి తేవడం రెండో మెట్టు. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలోని రాంచో లాస్ అమీగోస్ ఆసుపత్రిలో, ఛాతీ కండరాలు పూర్తిగా పోయిన పోలియో రోగులలో ఒక వింత అలవాటు వైద్యుల కంట పడింది. కొందరు నాలుకతో, గొంతుతో గాలిని గుటకలు గుటకలుగా లోపలికి నెట్టుకుంటున్నారు. కప్ప చేసినట్టు ఉంటుంది కనుక దానికి కప్ప శ్వాస అని పేరు పెట్టారు. 1951లో డెయిల్ అనే వైద్యుడు దానిని గ్రంథస్థం చేశాడు, తరువాత ఇతర రోగులకూ నేర్పసాగారు. రోగుల నుంచి వైద్యులు నేర్చుకున్న పాఠమిది. డల్లాస్‌కే చెందిన పాల్ అలెగ్జాండర్‌కు 1952లో ఆరేళ్ళ వయసులో పోలియో వచ్చింది. మూడు నిమిషాలు కప్ప శ్వాసతో ఉండగలిగితే కుక్కపిల్లను బహుమతిగా ఇస్తానని శిక్షకురాలు ఆశ పెట్టింది. అతను సాధించాడు, కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. ఆ విద్యతోనే పగటి పూట పెట్టె బయట గడుపుతూ న్యాయశాస్త్రం చదివి వకీలు అయ్యాడు. 2024 మార్చిలో డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో కన్నుమూశాడు.

మన వైపుకు వద్దాం. ఈ పునరావాస విద్య తెలుగువారికి ఎక్కువగా అందినది రాయవేలూరులో. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేస్తున్న మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగమంతా చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. ఆస్ట్రేలియాలో తాను శిక్షణ పొంది, న్యూయార్కులో హోవర్డ్ రస్క్ దగ్గర ఈ శాస్త్రం చదివి, తిరిగి వచ్చి ఆ విభాగాన్ని నడిపింది. 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రం తెరిచారు. చింతచెట్టు నుంచి, తాటిచెట్టు నుంచి, పైకప్పు నుంచి పడి వెన్నెముక విరిగిన మన పల్లె జనం అక్కడికి రైలెక్కి వెళ్ళి, మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా మారాలో, మెడ కింద అన్నీ పడిపోయినా పక్కవాడు పొట్ట మీద చేతులు వేసి నొక్కితే ఎలా దగ్గాలో నేర్చుకుని వచ్చారు. ఆ నొక్కుడు దగ్గు ఎంత చిన్న విద్యో అంత ప్రాణదాయకం. దీనికి యంత్రం అక్కరలేదు.

పోలియో మనకు దూరమయింది. 2011 జనవరిలో బెంగాలులోని హౌరాలో వచ్చినదే దేశంలో చివరి సహజ పోలియో కేసు. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. కాని గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానంలో ఊపిరిని ఆపే మరో నాడీ వ్యాధి అప్పటికే పాతుకుపోయి ఉన్నది. అది పత్తి చేలో పుట్టింది.

1980ల నడుమ నల్లరేగడి పొలాలలో పత్తి విపరీతంగా పెరిగింది. తెల్లదోమ విరుచుకుపడింది. శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగకుండా పోయింది. 1987-88లో పంట పోయి, అప్పుల పాలై ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వారి చేతికి అందుబాటులో ఉన్నది పురుగుల మందే. మరికొందరు ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా, ఎదురు గాలిలో మోనోక్రోటోఫాస్ కొట్టి చేలోనే పడిపోయారు. సేంద్రియ భాస్వర సమ్మేళనాలనే ఈ మందులు నాడికీ కండరానికీ నడుమ సంకేతాన్ని తుడిచే ఎంజైమును చంపుతాయి. నోట నురగ, ఒళ్ళంతా చెమట, చుక్కల్లా కుంచించుకుపోయిన కంటిపాపలు – ఇవి అప్పటి ప్రతి హౌస్ సర్జనుకూ తెలుసు. అట్రోపిన్ ఇంజెక్షన్లు వరసగా ఇచ్చి, నోరు ఎండి, పాపలు విప్పుకుంటే గెలిచామనుకునేవాళ్ళం.

అయితే రెండో రోజో మూడో రోజో, మాట్లాడుతూ ఉన్న మనిషి హఠాత్తుగా ఊపిరి ఆగి పోయేవాడు. గుండె ఆగిందని రాసేవాళ్ళం. అసలు కారణాన్ని పక్కనే ఉన్న శ్రీలంక నుంచి నిమల్ సేనానాయకే, లక్ష్మణ్ కరల్లియెద్దే సరిగ్గా 1987లోనే ప్రకటించారు. విషం తీసుకున్న 24 గంటల నుంచి 96 గంటల లోపల మెడ కండరాలు, తుంటి, భుజం కండరాలు, ఊపిరి కండరాలు పడిపోతాయని, దీనికి అట్రోపిన్ పనిచేయదని, ఆ కొద్ది రోజులు కృత్రిమ శ్వాస అందిస్తే చాలామంది తేరుకుంటారని వారు చూపారు. దీనిని మధ్యస్థ దశ పక్షవాతమనవచ్చు. దాన్ని పట్టుకునే పరీక్ష ఎంత తేలికంటే, రోగిని తలగడ మీది నుంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే ఊపిరి కూడా పోబోతున్నదని అర్థం. ఆ వ్యాసం మా చేతికి కొన్నేళ్ళ తరువాతగాని రాలేదు. దాన్ని చదివిన రాత్రి, పేర్లు మరచిపోయాననుకున్న కొందరి ముఖాలు వరసగా గుర్తుకు వచ్చాయి.

తెలిసిన తరువాత కూడా యంత్రాలు ఏవి? నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఉన్న ఒక్క వెంటిలేటరూ మరమ్మతులోనే ఉండేది. ఒక పత్తి రైతుకు ఊపిరి పడిపోయిన నాడు గొంతులో గొట్టం వేసి, ఆంబు బ్యాగ్ అతని తమ్ముళ్ళ చేతిలో పెట్టాను. నీ ఊపిరితో పాటు నొక్కవయ్యా, నువ్వు పీల్చినప్పుడల్లా నొక్కు, అని చెప్పాను. నలుగురు తమ్ముళ్ళు, బావమరిది, చివరికి టీ కొట్టు కుర్రవాడు కూడా వంతులు వేసుకుని ఆరు రాత్రులు, ఆరు పగళ్ళు నొక్కారు. ఏడో నాడు అతను తల ఎత్తాడు. కోపెన్‌హాగన్ కథ నేను అప్పటికి చదవలేదు. చదివాక, ఆ 1,500 మంది విద్యార్థుల వరసలో ఈ తమ్ముళ్ళు కూడా నిలబడదగినవారే అనిపించింది. అతను ఇంటికి వెళ్ళిన తరువాత రెండు ఫర్లాంగులు నడిస్తే ఆయాసం వచ్చేదట, మందు వేడి చేసిందని మజ్జిగ తాగి పడుకునేవాడట. కండరాలకు మళ్ళీ శిక్షణ కావాలని అతనికి చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు.

మన కట్లపాము కాటులోనూ ఇదే జరుగుతుంది. నేల మీద పడుకున్నవాడికి నిద్రలో కాటు పడితే గుర్తు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపు నొప్పి, తరువాత కనురెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, ఆపై ఊపిరి. విరుగుడు ఇంజెక్షనుతో పాటు కొన్నాళ్ళు కృత్రిమ శ్వాస అందితే బ్రతుకుతారు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు మొదలయిన తరువాత ఇలాంటివారు దారిలో పోవడం తగ్గిందని నా అనుభవం.

ఇక నాడీ వ్యాధిగ్రస్తులకు వ్యాయామం నిషిద్ధమన్న భయం ఎప్పుడు వీడింది? చాలా ఆలస్యంగా. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకు ఒళ్ళు వేడెక్కితే చూపు మసకబారుతుందని 1890లో ఉట్‌హాఫ్ రాసిన నాటి నుంచి వారిని శ్రమ పడనివ్వలేదు. 1996లో పెటాజాన్ బృందం వారిచేత 15 వారాలు సైకిలు వంటి యంత్రం మీద వ్యాయామం చేయించి, శక్తి పెరిగింది తప్ప జబ్బు ముదరలేదని చూపింది. 2004లో అమెరికా గుండె సంఘం పక్షవాతం వచ్చినవారికి వ్యాయామ నియమాలు ప్రకటించింది. అయితే అతి ఉత్సాహమూ మంచిది కాదు. 2015లో వెలువడిన అవెర్ట్ అనే పెద్ద పరిశోధనలో, పక్షవాతం వచ్చిన 24 గంటలలోనే ఎక్కువసార్లు లేపి నడిపించినవారి కంటే, మామూలుగా నెమ్మదిగా లేపినవారే మెరుగ్గా ఉన్నారు. అంటే మొదటి రోజు హడావుడి వద్దు, నలభై రోజుల మంచమూ వద్దు. ఎప్పుడు, ఎంత అన్నది రోగిని చూసిన వైద్యుడు, ఫిజియోథెరపిస్టు తేల్చాలి.

2025 మొదట్లో పుణెలో గిలాన్ బారే జబ్బు కేసులు పెరిగి, ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనూ రోగులు చేరి, మన ప్రకాశం జిల్లా మహిళ ఒకరు మరణించినప్పుడు ఊరంతా కొత్త వ్యాధి అని భయపడింది. కొత్తది కాదు, 1916లోనే వైద్యులు వర్ణించినదే. కాళ్ళ నుంచి పైకి పాకే ఈ బలహీనత ఛాతీని చేరితే వెంటిలేటరు కావాలి. నాడి వేగం, రక్తపోటు కూడా ఒక్కసారిగా ఎగసిపడతాయి. అందుకే ఈ రోగులను కూర్చోబెట్టేటప్పుడు, నడిపించేటప్పుడు గుండె మీద కన్నేసి ఉంచాలి. ఇంట్లో ఎవరికైనా కాళ్ళ బలహీనత పైకి పాకుతుంటే ఒక పని చేయండి. నిండా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పీల్చకుండా ఒకటి, రెండు అని వరసగా లెక్కపెట్టమనండి. ఆరోగ్యవంతులు ముప్పై దాటుతారు. ఇరవై కూడా చేరలేకపోతే, లేదా గంట గంటకూ అంకె తగ్గుతుంటే, ఆ క్షణమే పెద్దాసుపత్రికి బయలుదేరండి. ఇది పరీక్షకు సాయమే, వైద్యుడికి బదులు కాదు.

కొత్తపట్నంలో ఆ రోజు నేను చేయించిన పనులు చాలా చిన్నవి. ముందు ఆయనను ఒంగోలుకు పంపి ఛాతీ ఎక్స్‌రే తీయించి, న్యుమోనియాకు మందులు వాడించాను. తిరిగి వచ్చిన తరువాత, పడుకోబెట్టి అన్నం పెట్టడం మాన్పించాను. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న ముద్దలు పెట్టాలి, ఆ తరువాత అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. మూడు బంతుల ఊపిరి పరికరాన్ని మందుల షాపులో కొనిపించాను. నోటితో పీలిస్తే బంతులు పైకి లేస్తాయి, ఒకసారికి పది పీల్పులు, మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి. దగ్గేటప్పుడు పొట్ట మీద దిండు అదిమి పట్టడం కొడుకుకు నేర్పాను. ఒంగోలు నుంచి ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు వచ్చాడు. మొదట మంచం అంచున కూర్చోవడం, తరువాత గోడ పట్టుకుని నిలబడడం, ఆ తరువాత వసారాలో నాలుగు అడుగులు. మాట్లాడుతూ నడవగలగాలి, మాట తెగితే ఆగాలి – శ్రమ ఎంత అన్నదానికి ఆ ఇంటికి నేనిచ్చిన కొలత అది. ప్రతి నడకకు ముందూ తరువాతా రక్తపోటు, నాడి చూసి కొడుకు ఒక నోటు పుస్తకంలో రాశాడు.

ఆయన భార్యకు ఇప్పుడు దగ్గు ఎందుకు వస్తుందో తెలుసు. రావలసినంత గట్టిగా రాకపోతే నన్ను ఫోనులో అడుగుతుంది. రోజూ సాయంత్రం ఆమే ఎదురుగా కూర్చుని ఆయనచేత ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పిస్తున్నది. మొదటి రోజు తొమ్మిదికి ఆగాడు. మొన్న నేను వెళ్ళినప్పుడు ఇరవై రెండు వరకు వచ్చి, ఇరవై మూడు దగ్గర నవ్వు వచ్చి ఊపిరి విడిచేశాడు.